పర్మనెంట్ మేకప్: సూదికి ముఖం అప్పగించే ముందు

మన డెల్టా పట్టణాల్లో బ్యూటీ పార్లర్ బోర్డులు మారుతున్నాయి. బందరులోనైనా, గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా ఒకప్పుడు ఆ బోర్డుల మీద థ్రెడింగ్, ఫేషియల్, పెళ్లికూతురు అలంకరణ అనే మాటలే ఉండేవి. ఇప్పుడు మైక్రోబ్లేడింగ్, లిప్ బ్లష్, పర్మనెంట్ ఐలైనర్ అనే మాటలు వాటి పక్కన చేరుతున్నాయి. పెళ్లిళ్ల కాలం వస్తే ఫోన్లలో ఈ ప్రకటనలు మరీ ఎక్కువ. ఒక్కసారి చేయించుకుంటే చాలు, రోజూ అద్దం ముందు కూర్చోనక్కరలేదన్నది వాటి సారాంశం. మన సంఘాల్లోని యౌవనస్త్రీలు దీని గురించి తమలో తాము మాట్లాడుకుంటున్నారు గాని పైకి అడగడం లేదు. పార్లర్‌లో అడిగితే అమ్మకం మాటలు వినిపిస్తాయి. సంఘంలో అడిగితే మందలింపు వస్తుందని భయం. అందుకే ఈ వారం ఈ సంగతి ఎత్తుకున్నాం.

మొదట ఒక విషయం తేల్చుకోవాలి. పర్మనెంట్ మేకప్ అన్నది మేకప్ కాదు, పచ్చబొట్టు. పేరు కొత్తది, పని పాతది. సూదితో చర్మాన్ని గుచ్చి లోపల రంగు నిలిపే ఈ పని మన అమ్మమ్మలకు బాగా తెలుసు. తిరునాళ్లలో, సంతల్లో ఎరుకల, కొరవ స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. వారి గురించి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలోనూ ఉంది. మన సంఘాల్లోని పెద్దవయసు తల్లుల చేతుల మీద ఇప్పటికీ ఆ ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి. పచ్చబొట్టు అంటే చెరగదని వారికి తెలుసు. మేకప్ అనే మాట వినగానే సాయంత్రం కడిగేసుకోవచ్చు అనిపిస్తుంది. చిక్కంతా ఆ పేరులోనే ఉంది.

నిజానికి ఇది పూర్తిగా పర్మనెంటూ కాదు, పూర్తిగా తాత్కాలికమూ కాదు. కనుబొమల మీద వేసిన రంగు సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో వెలుస్తుంది. అయితే శుభ్రంగా మాయమైపోతుందన్న హామీ లేదు. కొందరికి బూడిదరంగుకో నీలానికో, కొందరికి ఎరుపుకో తిరిగి ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. చేయించుకునేవారు మొదట తెలుసుకోవలసింది ఇదే.

ఏం జరుగుతుంది?

మైక్రోబ్లేడింగ్‌లో సన్నని సూదులు వరుసగా అమర్చిన చిన్న పనిముట్టుతో కనుబొమ మీద వెంట్రుకల్లాంటి గీతలు గీస్తారు. ఆ గీతల్లో రంగు నింపుతారు. పెదవులకు, కనురెప్పల అంచులకు ఎక్కువగా చిన్న మిషను వాడతారు. మొదట ముఖం కొలిచి, పెన్సిలుతో రూపు గీసి చూపించాలి. ఆ రూపు నచ్చకపోతే అక్కడే ఆపేయవచ్చు. తరువాత తిమ్మిరి క్రీము రాసి కాసేపు ఆగుతారు. అంతా కలిపి రెండు మూడు గంటలు పడుతుంది. నొప్పి ఉండదని చెప్పేవారిని నమ్మవద్దు. క్రీము రాసినా కొంత మంట, లాగుతున్నట్టు ఉండటం మామూలే.

మొదటి రెండు మూడు రోజులు రంగు మరీ ముదురుగా, బొగ్గుతో దిద్దినట్టు కనిపిస్తుంది. ఎర్రదనం, కొంచెం వాపు ఉంటాయి. పెదవులైతే బాగా ఉబ్బుతాయి. నాలుగో రోజు నుంచి పొట్టు లేస్తుంది. దాన్ని గోకితే రంగు మచ్చలు మచ్చలుగా ఊడిపోతుంది, మచ్చ పడే ప్రమాదమూ ఉంది. రెండో వారంలో రంగు పోయిందేమో అనిపించి, నెల తిరిగేసరికి మళ్లీ తేలుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు రెండోసారి దిద్దాలి. ఆ రెండో విడత డబ్బు మొదటి ధరలో ఉందో లేదో ముందే అడగాలి. పెళ్లికి వారం ముందు చేయించుకుంటే పొట్టు లేస్తున్న ముఖంతో ఫొటోలు దిగవలసి వస్తుంది. కనీసం రెండు నెలల వ్యవధి ఉండాలి.

ఇక మన ప్రాంతపు సంగతి. మానేవరకు ఆ చోట చెమట, ఎండ, మురికి నీరు తగలకూడదు. వరినాట్లకు వెళ్లే స్త్రీకి, రొయ్యల చెరువు గట్టున పనిచేసే స్త్రీకి, ఎండలో బండి మీద తిరిగే ఉద్యోగినికి ఇది చెప్పినంత తేలిక కాదు. కాలువ స్నానం, మంగినపూడి సముద్ర స్నానం ఆ రోజుల్లో పనికిరావు. పదిరోజులు పని మానుకునే వీలు లేకపోతే ఆ ఖర్చును కూడా ధరలో కలిపి లెక్కవేసుకోవాలి.

ఎవరు వద్దనుకోవాలి?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగడం మంచిది. షుగరు అదుపులో లేనివారు, రక్తం పలచబరచే మందులు వాడేవారు, గాయం మానిన చోట చర్మం గడ్డలా ఉబ్బే కీలాయిడ్ తత్వం ఉన్నవారు డాక్టరును అడగకుండా సూది దగ్గరకు వెళ్లకూడదు. కీలాయిడ్లు మన రంగు చర్మంలో ఎక్కువ. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు కూడా ముందు చర్మవైద్యుడికి చెప్పాలి. పెదవుల మీద తరచూ నీటి పొక్కులు వచ్చేవారికి లిప్ బ్లష్ తరువాత అవి మళ్లీ విజృంభించవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయిలకు అసలు వద్దే వద్దు. ముఖం రూపు ఇంకా మారుతున్న వయసది.

పెడనలో కలంకారీ పనివారిని చూడండి. కరక్కాయ, పటిక, నీలిమందు పట్టి, ప్రవాహంలో ఉతికి, ఉడికించి రంగు నిలబెడతారు. ఏ రంగు ఎలా తేలుతుందో వారికి తెలుసు. తేడా వస్తే పోయేది గుడ్డ. చర్మం విషయంలో ఆ వెసులుబాటు లేదు. అందుకే చెవి వెనక కొంచెం రంగు వేసి కొన్ని రోజులు ఆగి చూడమని అడగాలి. అలా చూసినా అలర్జీ రాదని పూచీ లేదు. కొందరికి నెలల తరువాత, ఏళ్ల తరువాత కూడా దురద, గడ్డలు వస్తాయి.

లేజరుతో తీసేయవచ్చు కదా అంటారు. తీయవచ్చు, కాని వేయించుకున్నదానికంటే తీయించుకోవడానికే ఎక్కువ ఖర్చు, ఎక్కువ విడతలు పట్టవచ్చు. మరో ఇబ్బంది కూడా ఉంది. ఈ రంగుల్లో ఐరన్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఎక్కువ. లేజరు తగిలితే అవి కొన్నిసార్లు వెలవడానికి బదులు నల్లబడతాయి. చామనఛాయ చర్మం మీద లేజరు మచ్చలు మిగిల్చే అవకాశమూ ఉంది. ఎప్పుడైనా ఎంఆర్‌ఐ స్కాన్ అవసరమైతే ముఖం మీద ఇలాంటి రంగు ఉందని ముందే చెప్పాలి. అరుదుగానైనా ఆ చోట మంట, వాపు వస్తాయి.

అసలు ప్రమాదం రక్తంలో

అందం చెడితే బాధే. అంతకంటే పెద్ద ప్రమాదం కంటికి కనిపించదు. సూది చర్మం దాటి రక్తాన్ని తాకుతుంది. ఒకరికి వాడిన సూది, బ్లేడు మరొకరికి వాడితే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ సోకవచ్చు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కంటికి శుభ్రంగా కనిపించే పనిముట్టు మీద కూడా అది ఉండవచ్చు. డెటాల్‌తో తుడవడం, వేడినీళ్లలో ముంచడం చాలదు. సూది, బ్లేడు మన కళ్ల ముందు కొత్త ప్యాకెట్టు చించి తీయాలి. రంగు చిన్న కప్పులో వేరుగా పోయాలి, మిగిలింది తిరిగి సీసాలో పోయకూడదు. మళ్లీ వాడే పనిముట్లు ఏవైనా ఉంటే ఆటోక్లేవ్‌లో శుద్ధి చేయాలి.

రంగులో కలిపే నీరు కూడా ముఖ్యమే. అమెరికాలోని రోచెస్టర్‌లో 2011 చివర 19 మందికి పచ్చబొట్టు చోట మొండి ఇన్‌ఫెక్షను వచ్చింది. ఆరా తీస్తే, పలచబరచిన ఇంకులోనే క్షయ కుటుంబానికి చెందిన ఒక సూక్ష్మజీవి ఉందని తేలింది. సూది కొత్తదైనంత మాత్రాన సరిపోదన్నమాట.

తిమ్మిరి క్రీముల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లిడోకెయిన్ శాతం మరీ ఎక్కువగా ఉన్న క్రీములు గుండె లయను దెబ్బతీయగలవని, ఫిట్స్ తెప్పించగలవని 2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. పేరు లేని డబ్బాలోంచి తీసి ముఖమంతా పూస్తుంటే ఆపమనడానికి మొహమాటపడకండి.

మన సంఘాలకు నేరుగా తగిలే సంగతి మరొకటి ఉంది. పచ్చబొట్టు గాని, చర్మాన్ని గుచ్చే సౌందర్య చికిత్స గాని చేయించుకున్నవారు 12 నెలల పాటు రక్తదానం చేయకూడదని జాతీయ రక్త మార్పిడి మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మనం క్రిస్మస్‌కు, గుడ్ ఫ్రైడేకు రక్తదాన శిబిరాలు పెడుతుంటాం. అక్కడ వరుసలో నిలబడే సహోదరి ఈ మాట దాచకూడదు. శిబిరం నడిపే పెద్దలు పదిమంది ముందు అడిగి ఆమెను సిగ్గుపరచకూడదు.

ఎవరి పూచీ?

ఏదైనా చెడితే ఎవరిని అడగాలి? మన దేశపు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో సౌందర్య సాధనం అన్న నిర్వచనం పెద్దదే. ఒంటికి పూసేవి, చల్లేవి, ఒంట్లోకి ప్రవేశపెట్టేవి కూడా అందులోకి వస్తాయి. కాని సూది పట్టే మనిషికి ఏ చదువు ఉండాలి, ఎంత శిక్షణ పొందాలి, గదిలో ఏ సదుపాయాలు ఉండాలి అని ప్రత్యేకంగా చెప్పే జాతీయ చట్టం లేదు. జుట్టు నాటే చికిత్సలు అర్హతగల వైద్యులే చేయాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసింది. కనుబొమకు, పెదవికి అలాంటి కంచె లేదు. రెండు మూడు రోజుల కోర్సుతో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు తిరుగుతున్నది అందుకే.

ఐరోపా యూనియన్ 2022 జనవరి 4 నుంచి పచ్చబొట్టు ఇంకుల్లోనూ పర్మనెంట్ మేకప్ రంగుల్లోనూ నాలుగు వేలకు పైగా రసాయనాలపై ఆంక్షలు పెట్టింది. చర్మంలోకి గుచ్చడానికని తాము ఆమోదించిన రంగు ఒక్కటీ లేదని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతోంది. మన పొరుగున కర్ణాటక ప్రభుత్వం 2025లో పచ్చబొట్టు ఇంకుల్లోని లోహాల గురించి ఆందోళన చెంది, ప్రమాణాలు నిర్ణయించమని కేంద్రాన్ని కోరింది. మన రాష్ట్రం కూడా ఈ దారిలో కదలాలని మా అభిప్రాయం. షాపులు మూయించమని మేము కోరడం లేదు. పార్లర్ పెట్టుకుని పిల్లల్ని చదివించుకుంటున్న స్త్రీలు మన సంఘాల్లోనే ఉన్నారు. నిజాయితీగా, శుభ్రంగా పనిచేసేవారికి నిబంధనలు మేలే చేస్తాయి. దొంగ సర్టిఫికెట్టుకు, అసలైన నైపుణ్యానికి తేడా అప్పుడే తెలుస్తుంది.

చట్టం వచ్చేవరకు చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. డబ్బు ఇచ్చి పొందిన ఈ సేవకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. రెండేళ్లలోపు మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. అయితే చేతిలో కాగితం ఉండాలి. రసీదు, వాడిన రంగు పేరు, బ్యాచ్ నంబరు, ముందు తరువాత తీసిన ఫొటోలు దాచుకోవాలి. రసీదు ఇవ్వనన్న చోట ముఖం అప్పగించకండి.

చీము, జ్వరం, పెరిగే వాపు, చూపులో తేడా ఏది కనిపించినా పార్లర్‌కు కాదు, ఆసుపత్రికి వెళ్లాలి. ఎదురుమొండి దీవి నుంచి పంటు దాటి రావలసినవారు రేపు చూద్దాంలే అని ఆగితే ఆ ఒక్క రోజే ఎక్కువైపోవచ్చు. 2023లో వైద్య కళాశాల వచ్చాక బందరు ప్రభుత్వాసుపత్రి మనకు దగ్గరి ఆసరా. హెపటైటిస్ బి, సి పరీక్షలు, చికిత్స 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం. హెపటైటిస్ బికి టీకా ఉంది. సూదికి ముందే వేయించుకోవడం తెలివైన పని.

వాక్యం ఏమంటోంది?

ఈ మాట ఎత్తగానే లేవీయకాండము 19:28 చూపించి చర్చ ముగించేవారు ఉన్నారు. ఆ వచనం చనిపోయినవారి కోసం దేహాన్ని కోసుకునే అన్యజనుల ఆచారం పక్కనే దేహం మీద గుర్తుల మాట చెబుతుంది. దాన్ని తేలికగా తీసిపారేయమని మేము చెప్పం. కాని అదే అధ్యాయాన్ని ముందూ వెనకా చదవాలి. కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దని అక్కడే ఉంది. గుడ్డివాని దారిలో అడ్డం వేయవద్దని, తూకంలో కొలతలో న్యాయం తప్పవద్దని అక్కడే ఉంది. తెలియనివారి ముఖం మీద ప్రయోగాలు చేసే వ్యాపారం గుడ్డివాని ముందు అడ్డం వేయడం కాదా? చేయించుకున్న అమ్మాయికి ఒక్క వచనం చూపించి, మోసం చేసినవారికి మిగతా వచనాలు చూపించకపోతే మనం వాక్యాన్ని సగమే చదివినట్టు.

కంటికి రంగు పూసుకున్న యెజెబెలు మనకు జ్ఞాపకమే. కాని యోబు తన శ్రమల తరువాత పుట్టిన మూడో కుమార్తెకు కెరెంహప్పుకు అని పేరు పెట్టాడు. ఆ పేరుకు కాటుక పెట్టుకునే కొమ్ము అని అర్థం. అలంకారాన్ని బట్టి మనిషిని తీర్పు తీర్చకూడదని గ్రహించడానికి ఈ రెండు పేర్లు చాలు. ఐగుప్తులోని కోప్తు క్రైస్తవులు తరతరాలుగా ముంజేతి మీద సిలువ పచ్చబొట్టు వేయించుకుంటున్నారు. హింసల మధ్య అది వారి సాక్ష్యం. మన ముత్తవ్వల పచ్చబొట్టును చూసి ఎవరూ వారిని ప్రభువు బల్ల దగ్గర ఆపలేదు. మనుమరాలి కనుబొమ చూసి ఆపడం ఏ న్యాయం?

అలాగని అడగవలసిన ప్రశ్న అడగకుండా వదలకూడదు. ఇది ఎవరి కోసం? బొల్లి మచ్చ పెదవి మీద పడిన సహోదరి, కాలిన గాయంతో కనుబొమ పోయిన సహోదరి, కాన్సర్ చికిత్సలో వెంట్రుకలు రాలిపోయిన తల్లి దీన్ని కోరుకుంటే అది గర్వం కాదు. నలుగురిలోకి తల ఎత్తుకుని రావాలన్న ఆశ. వారికి కూడా వైద్యుని సలహా తప్పనిసరి. బొల్లి ఇంకా వ్యాపిస్తుండగా సూది గుచ్చితే ఆ గాయం చోటే కొత్త మచ్చ రావచ్చు. మచ్చలు స్థిరపడ్డాయని వైద్యుడు చెప్పాకే ముందుకెళ్లాలి. కీమోథెరపీ నడుస్తుండగా కాన్సర్ వైద్యుని అనుమతి లేకుండా చేయించకూడదు.

కాని పెళ్లిచూపుల్లో పెదాలు నల్లగా ఉన్నాయన్నారని, కనుబొమలు పలచగా ఉన్నాయన్నారని, ఇరవై ఏళ్ల పిల్లను తల్లే వెంటబెట్టుకుని తీసుకువెళ్తుంటే అక్కడ చికిత్స కావలసింది పిల్లకు కాదు. తెల్లని వధువు కావాలని ప్రకటన రాయించే మనకు. రంగు పిచ్చి ఎంత దూరం తీసుకెళ్తుందో 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో చూశాం. చర్మం తెల్లబరిచే క్రీముల్లోని పాదరసం వల్ల కొందరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని అక్కడి వైద్యులు బయటపెట్టారు. సమూయేలు యెష్షయి కుమారులను చూడడానికి వెళ్లినప్పుడు దేవుడు అతనికి నేర్పిన పాఠాన్ని మనం ఆదివారం పిల్లలకు చెబుతాం. సోమవారం పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మరిచిపోతాం.

సంఘం చేయగలిగింది

సంఘ కాపరులకు, స్త్రీల సమాజపు నాయకురాళ్లకు మా మనవి నాలుగు మాటలు. ఒకటి, స్త్రీల కూడికలో ఒక గంట కేటాయించి చర్మవైద్యురాలినో నర్సునో పిలిపించండి. మన సంఘాల్లో నర్సులకు కొదవ లేదు. రెండు, సంఘంలో పార్లర్ నడిపే సహోదరీలను ఆ కూడికకు పిలవండి, నిందించడానికి కాదు, శుభ్రత నియమాలు కలిసి నేర్చుకోవడానికి. మూడు, సంబంధాలు చూసే పెద్దలు అమ్మాయి రంగు గురించి, రూపు గురించి మాట్లాడేవారికి అక్కడికక్కడే అడ్డు చెప్పండి. నాలుగు, చేయించుకుని నష్టపోయిన అమ్మాయి మీ దగ్గరకు వస్తే ముందు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మాటలు తరువాత.

ఇక నిర్ణయించుకోబోయే సహోదరీలకు ఒక్క మాట. తొందర వద్దు. తగ్గింపు ధర ఈ రోజే అన్నచోట నుంచి లేచి వచ్చేయండి. ఆ పనివారు చేసిన ముఖాలను చేసిన రోజు ఫొటోల్లో కాదు, ఏడాది తరువాత ఎలా ఉన్నాయో చూపించమనండి. పేరు, రంగు, సూది, రసీదు అన్నీ అడగండి. అడిగితే విసుక్కునేవారు మీ ముఖానికి తగినవారు కారు. అన్నీ విన్నాక వద్దనిపిస్తే మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు. కావాలనిపిస్తే ఒకరి మాట పడలేక కాక, మీ మనస్సాక్షితో ఆలోచించి, వైద్యుని సలహాతో వెళ్లండి. మీ ముఖాన్ని చేసినవాడు దాని మీద ఎన్నడూ వంక పెట్టలేదని మాత్రం మరువకండి.